మార్చుకోలేనివాటిని ముందు కాపాడుకోండి: ఫోను, ఆధార్ రోజుల్లో గోప్యతకు మార్గదర్శి

పాస్‌వర్డు బయటపడితే మార్చుకోవచ్చు. ఏటీఎం కార్డు పోతే బ్యాంకు ఇంకొకటి ఇస్తుంది. ఫోను నంబరును కూడా నాలుగు రోజులు ఇబ్బంది పడి మార్చుకోవచ్చు. బొటనవేలి ముద్ర, ముఖం, పుట్టిన తేదీ, ఆధార్ సంఖ్య అలాంటివి కావు. ఒకసారి పరాయివాళ్ల చేతిలో పడితే ఇక తిరిగి రావు. అయినా మన జాగ్రత్త అంతా పాస్‌వర్డు మీదే ఉంటుంది. ఆధార్ నకలు మాత్రం అడిగినవారందరికీ ఇచ్చేస్తాం, వేలు పెట్టమన్న చోటల్లా పెట్టేస్తాం.

అందుకే ఇక్కడ పనులను మార్చుకోలేనివాటితో మొదలుపెట్టి, మార్చుకోగలిగినవాటి వైపు వెళ్తున్నాను. ఆ తర్వాత, మనం ఎంత జాగ్రత్తపడినా మన చేతిలో ఉండని సంగతులు వస్తాయి. ఆ భాగాన్ని దాటవేయవద్దు. పరిమితులు తెలియకుండా సెట్టింగ్స్ మాత్రమే మార్చుకుంటే లేనిపోని ధీమా వస్తుంది.

మొదటి పని: వేలిముద్రకు తాళం

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. అప్పట్లో భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు ఆన్‌లైన్‌లో దొరికేవి. వాటిలో వేలిముద్రలూ ఆధార్ సంఖ్యలూ కలిసే ఉండేవి. అతడు ఆ పత్రాలను దించుకున్నాడు. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో ఆ ముద్రలను పాలిమర్ మీద అచ్చు తీశాడు. ఆ నకిలీ వేళ్లతో ఈ-కేవైసీ యంత్రాన్ని, అంటే సిమ్ ఇచ్చే ముందు వేలిముద్రతో మనిషిని ధ్రువీకరించే యంత్రాన్ని, నమ్మించి వేల సిమ్‌లను చలామణిలోకి తెచ్చాడు. ఆ ముద్రల సొంతదారులు ఏ లింకూ నొక్కలేదు, ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఎప్పుడో ఒక రిజిస్ట్రేషన్ కాగితం మీద వేలు పెట్టారు, అంతే.

తర్వాత ఇదే ఉపాయం బ్యాంకు ఖాతాల మీదకు మళ్లింది. ఆధార్ ఆధారిత చెల్లింపుల విధానంలో, అంటే ఏఈపీఎస్‌లో, కార్డు, పిన్, ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే డబ్బు చేతికొస్తుంది. బ్యాంకు శాఖ లేని ఊళ్లలో వృద్ధులకు ఇది ఎంతో మేలు చేసిన ఏర్పాటు. అదే సౌలభ్యం దొంగలకూ కలిసొచ్చింది. వేలు సజీవమైనదా కాదా అని తేల్చే పరీక్షను ఆధార్‌ను నిర్వహించే సంస్థ యూఐడీఏఐ 2023లో తెచ్చింది. అయినా మన తాళం మనం వేసుకోవడమే మేలు.

యూఐడీఏఐ వెబ్‌సైట్‌లోని మై ఆధార్ పోర్టల్‌కు గానీ, ఆధార్ యాప్‌కు గానీ వెళ్లండి. ఆధార్ సంఖ్య, ఓటీపీతో లాగిన్ అయి, బయోమెట్రిక్ లాక్ అనే అంశాన్ని ఎంచుకోండి. తాళం పడ్డాక మీ వేలిముద్ర, కనుపాప, ముఖం దేనితోనూ ఎవరూ ధ్రువీకరణ చేయలేరు. ఓటీపీతో జరిగే పనులు మాత్రం ఎప్పటిలాగే జరుగుతాయి. సిమ్ కొనడానికో రిజిస్ట్రేషన్‌కో వేలు పెట్టాల్సి వచ్చినప్పుడు తాత్కాలికంగా తెరవవచ్చు, కాసేపటికి అదే మళ్లీ పడిపోతుంది. అక్కడే ధ్రువీకరణ చరిత్ర కూడా కనిపిస్తుంది. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎప్పుడు, ఏ పద్ధతిలో, ఏ సంస్థ వాడిందో చూడండి. మీరు ఎరగని నమోదు కనిపిస్తే ఆధార్ సహాయ నంబరు 1947కు ఫోను చేయండి.

ఇక్కడొక అన్యాయం ఉంది. ప్రతినెలా రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర వేలు పెట్టాల్సినవారికి ఈ తాళం అంత సులువుగా కుదరదు. స్మార్ట్‌ఫోను లేని అవ్వ నెలనెలా తెరుస్తూ మూస్తూ ఉండలేదు. అంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారికే ఈ రక్షణ తక్కువగా అందుతోంది. మీ ఇంట్లో అలాంటి పెద్దలు ఉంటే, వారి పొదుపు డబ్బునూ పింఛను పడే ఖాతానూ వేరు చేయండి. పింఛను ఖాతాలో ఆ నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచండి. పొదుపు ఖాతాలో ఏఈపీఎస్ లావాదేవీలు ఆపివేయమని బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా అడగండి, దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకోండి.

రెండో పని: ఆధార్ నకళ్ల చలామణిని తగ్గించడం

పట్టణంలో ఏదైనా జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకునేటప్పుడు కౌంటరు మీద ఉన్న కంప్యూటర్ తెరను ఒకసారి గమనించండి. వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది. వచ్చినవాళ్లంతా ఆ షాపు నంబరుకు పత్రాలు పంపుతారు. కుర్రాడు ఒక్కొక్కటీ నొక్కి దించుకుంటాడు, ప్రింటు ఇస్తాడు, పది రూపాయలు తీసుకుంటాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మాత్రం పొద్దుటి నుంచి వచ్చినవారి ఆధార్‌లు, పాన్ కార్డులు, పదో తరగతి మార్కుల జాబితాలు, పెళ్లి ఫొటోలు బారులు తీరి ఉంటాయి. కుర్రాడికి చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, వాటిని తుడిచేసే తీరిక ఉండదు, అంతే. ఆ కంప్యూటర్ రేపు పాత సామాన్ల దుకాణానికి వెళ్తే హార్డ్ డిస్కు కూడా దానితోనే వెళ్తుంది. మీరు వాట్సాప్‌లో మీ సందేశాన్ని అందరికీ కనిపించకుండా తొలగించినా, అప్పటికే డౌన్‌లోడ్ అయిన ఫైలు అక్కడ అలాగే ఉంటుంది.

కాబట్టి మాస్క్‌డ్ ఆధార్ వాడండి. మై ఆధార్ పోర్టల్‌లో ఆధార్ దించుకునేటప్పుడే మాస్క్‌డ్ కావాలని ఎంచుకోవచ్చు. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఒకేసారి పది ప్రతులు ప్రింటు తీయించి ఇంట్లో ఉంచుకుంటే ప్రతిసారీ షాపుకు పరుగెత్తాల్సిన పని ఉండదు. ఆ ఒక్కసారి ప్రింటు తీశాక ఫైలును డౌన్‌లోడ్స్ నుంచీ రీసైకిల్ బిన్ నుంచీ మీ ఎదుటే తొలగించమని అడగండి. మొహమాటపడకండి, మర్యాదగా అడిగితే చేస్తారు. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంటుంది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. అది మీ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మీ గురించి కొద్దిగా తెలిసిన ఎవరైనా ఊహించగలరు.

మాస్క్‌డ్ ఆధార్ మాత్రమే ఇవ్వండని యూఐడీఏఐ బెంగళూరు కార్యాలయం 2022 మే నెలాఖరున ఒక ప్రకటన ఇచ్చింది. రెండు రోజులు తిరగకుండానే, ప్రజలు అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. నా దృష్టిలో ఆ ప్రకటన సరైనదే. ఇప్పటికీ పాటించదగినదే.

పూర్తి సంఖ్య ఉన్న నకలు ఇవ్వక తప్పకపోతే, దాని మీద అడ్డంగా, అక్షరాలకు తగిలేలా, ఏ పని కోసం ఇస్తున్నారో రాయండి: "ఫలానా ఇంటి అద్దె ఒప్పందానికి మాత్రమే" అని, కింద తేదీ, సంతకం. ఆ కాగితాన్ని మరో పనికి వాడటం కష్టమవుతుంది. ఆన్‌లైన్‌లో సంఖ్య అడిగితే, అంగీకరించే చోటల్లా 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వండి. ఇది మార్చుకోగలిగిన సంఖ్య. కావాలనుకున్నప్పుడు కొత్తది సృష్టించుకోవచ్చు, పాతది చెల్లకుండా పోతుంది.

మూడో పని: ఫోను నంబరు

ఇప్పుడు అన్ని తాళాలకూ ఒకటే చెవి మన ఫోను నంబరు. ముందుగా మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో తెలుసుకోండి. కేంద్ర టెలికం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. ఈ సదుపాయం దేశంలో మొదట 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే వచ్చింది. మీది కాని నంబరు కనిపిస్తే "ఇది నాది కాదు" అని అక్కడే గుర్తు పెట్టవచ్చు. ఫోను పోయినప్పుడు దాన్ని ఎవరూ వాడకుండా ఆపేది కూడా ఇక్కడే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఆధార్‌కూ బ్యాంకుకూ జతచేసిన భారతీయ నంబరును రీచార్జి చేయకుండా వదిలేస్తే, 90 రోజులు వాడకం లేని నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. మరికొంత కాలానికి అది ఇంకొకరికి వెళ్లిపోతుంది. అప్పుడు మీ ఓటీపీలు ముక్కూ మొహం తెలియని మనిషికి చేరతాయి. చిన్న ప్లానుతోనైనా నంబరును బతికించుకోండి, లేదా వదిలేసే ముందు అన్ని చోట్లా మార్చండి.

బట్టల షాపులో, సూపర్ మార్కెట్లో బిల్లు వేసేటప్పుడు నంబరు అడిగితే ఇవ్వాల్సిన అవసరం లేదు. నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టకూడదని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే వ్యాపారులకు సూచించింది. "నంబరు వద్దండీ, కాగితం బిల్లు చాలు" అనండి. యూపీఐ ఐడీలో మీ ఫోను నంబరు ఉంటే, యాప్‌లోనే నంబరు లేని ఐడీ పెట్టుకోండి.

నాలుగో పని: యాప్‌ల అనుమతులు

2020 చివరలో హైదరాబాద్ పోలీసులు అప్పుల యాప్‌ల గుట్టు బయటపెట్టినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. కొన్ని వేల రూపాయల అప్పు కోసం యాప్ పెట్టుకున్నవారు, అది అడిగిన కాంటాక్టులు, ఫొటోల అనుమతులకు సరే అన్నారు. వాయిదా ఆలస్యమైతే ఆ జాబితాలోని బంధువులకూ ఆఫీసు వాళ్లకూ ఫోన్లు వెళ్లేవి, మార్ఫింగ్ చేసిన ఫొటోలు వెళ్లేవి. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. ఫోను తెర మీద ఒక్క "అనుమతించు" బొత్తాం వెనుక ఇంత ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పుల యాప్‌లు కాంటాక్టులు, కాల్ జాబితా, ఫైళ్ల జోలికి వెళ్లకూడదు. కాబట్టి ఇప్పుడు అవి అడిగే అప్పుల యాప్ ఏదైనా కనిపిస్తే, అది నియమాలకు లోబడనిదని అర్థం. వెంటనే తీసేయండి.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో పర్మిషన్ మేనేజర్ ఉంటుంది. అక్కడ యాప్‌ల పేర్లతో కాకుండా అనుమతుల పేర్లతో వెతకండి: కాంటాక్టులు ఎవరెవరు చూస్తున్నారు, మైకు ఎవరికి ఉంది, లొకేషన్ ఎప్పుడూ తెలుసుకుంటున్నది ఎవరు. టార్చిలైటుకు కాంటాక్టులు ఎందుకు? క్యాలెండరుకు మైకు ఎందుకు? కారణం తోచనివన్నీ ఆపేయండి. నిజంగా అవసరమైతే ఆ యాప్ మళ్లీ అడుగుతుంది. లొకేషన్‌ను "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అనే స్థాయిలో ఉంచండి. ప్రకటనల కంపెనీలు మీ ఫోనును గుర్తుపట్టడానికి వాడే ప్రకటనల ఐడీని తొలగించే సదుపాయం కూడా అదే ప్రైవసీ విభాగంలో ఉంది. ఐఫోనులో ప్రైవసీ విభాగంలోని ట్రాకింగ్ అభ్యర్థనలను ఆపేయండి.

ఏళ్ల తరబడి తెరవని యాప్‌లను ఫోను నుంచి తీసేస్తే చాలదు. ముందు లోపలికి వెళ్లి ఖాతాను తొలగించండి, తర్వాత యాప్‌ను తీసేయండి. యాప్ తీసేసినంత మాత్రాన కంపెనీ దగ్గరున్న మీ వివరాలు చెరిగిపోవు.

ఐదో పని: వాట్సాప్, గూగుల్

వాట్సాప్ సందేశాలు 2016 నుంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా సంకేతబద్ధంగా వెళ్తున్నాయి. మధ్యలో కంపెనీ కూడా చదవలేదు. అయితే మీ చాట్‌లు గూగుల్ డ్రైవ్‌లోకి బ్యాకప్ అవుతుంటే, ఆ ప్రతికి ఈ రక్షణ దానంతటదే రాదు. చాట్ బ్యాకప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ను మీరే ఆన్ చేయాలి. దాని పాస్‌వర్డు మర్చిపోతే చాట్‌లు తిరిగి రావు కాబట్టి ఎక్కడైనా రాసిపెట్టుకోండి. టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టండి. లింక్డ్ డివైసెస్ తెరిచి, జిరాక్స్ షాపులోనో పాత ఆఫీసులోనో తెరిచి మరచిన కంప్యూటర్ ఉంటే తొలగించండి.

గూగుల్ ఖాతాలో మై యాక్టివిటీకి వెళ్తే మీరు ఏళ్లుగా వెతికినవి, చూసిన వీడియోలు కనిపిస్తాయి. చాలామంది ఆ పేజీని మొదటిసారి చూసినప్పుడు కాసేపు నోట మాట రాక ఉండిపోతారు. మూడు నెలలు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. ఆ ఒక్క పని ఈరోజే చేయండి.

ఇక మన చేతిలో లేనివి

మీరు కాంటాక్టులు ఎవరికీ ఇవ్వకపోయినా, మీ బావమరిది ఇచ్చి ఉంటాడు. ఆయన ఫోనులో మీ పేరు, నంబరు, ఒక్కోసారి మీ ఉద్యోగం పేరు కూడా ఉంటుంది. కాలర్ గుర్తింపు యాప్‌లలో మీరు ఎన్నడూ చేరకపోయినా మీ పేరు కనిపించడానికి కారణం అదే. మనవరాలి బడి పేరు, యూనిఫారం, పుట్టినరోజు కనిపించే ఫొటో కుటుంబ గ్రూపులోకి వెళ్లాక ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇందులో సెట్టింగ్ లేదు, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం ఒక్కటే ఉంది.

ఇచ్చి తీరాల్సిన వివరాలది మరో దారి. 2023 జూన్‌లో టెలిగ్రామ్‌లోని ఒక బాట్‌కు ఫోను నంబరు ఇస్తే, కోవిడ్ టీకా కోసం ఇచ్చిన వివరాలు బయటికి వచ్చాయి. కోవిన్ పోర్టల్ భద్రంగానే ఉందని ప్రభుత్వం చెప్పింది. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ వివరాలు చోరీ అయ్యాయి, నిందితుడిని పోలీసులు పట్టుకున్నారు. ఆపదలో సాయం కోసం ఆ యాప్ పెట్టుకున్న మహిళలు చేసిన తప్పేమీ లేదు. వారు చేయగలిగిందీ ఏమీ లేదు.

సందేశం చదవలేకపోయినా, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారో, ఏ టవరు పరిధిలో ఉన్నారో టెలికం కంపెనీ దగ్గర ఉంటుంది. దానికి సంకేతీకరణ అడ్డు కాదు. చట్టం నిర్దేశించిన కారణాలతో, హోం శాఖ కార్యదర్శి స్థాయి అనుమతితో ప్రభుత్వం ఫోను సంభాషణలను వినవచ్చు. ఆ అధికారం దారి తప్పిందన్న ఆరోపణలతోనే 2024 మార్చిలో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. నిఘా విభాగంలోని హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నది అందులో ప్రధాన ఆరోపణ. మనం ఎంత మంచి పాస్‌వర్డు పెట్టుకున్నా ఇలాంటిదాన్ని ఆపలేం. దాన్ని ఆపగలిగింది న్యాయస్థానం, శాసనసభ, ప్రశ్నించే ప్రజలు.

ప్రశ్నిస్తే ఫలితం ఉంటుందనడానికి రెండు ఉదాహరణలు చాలు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఎనభై ఏళ్లు దాటిన వయసులో, 2012లో, ఆధార్‌ను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, జోక్యం ఆ లక్ష్యానికి తగినంతే ఉండాలి. ఇక 2025 డిసెంబరు మొదట్లో, కొత్త ఫోన్లన్నింటిలో సంచార్ సాథీ యాప్‌ను ముందే పెట్టి అమ్మాలన్న ఆదేశం బయటికి వచ్చింది. గట్టి నిరసన రావడంతో 3వ తేదీన ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. నేను పైన ఆ పోర్టల్‌ను వాడమన్నాను, ఇప్పటికీ అంటాను. మనం ఎంచుకుని వాడటం వేరు, ప్రతి ఫోనులో తప్పనిసరిగా ఉంచడం వేరు.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనకు కొన్ని హక్కులు ఇస్తుంది. మన గురించి ఏముందో అడగవచ్చు, తప్పులు దిద్దించవచ్చు, అవసరం తీరాక చెరిపేయమనవచ్చు. నిర్లక్ష్యం చేసిన సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల ప్రధాన బాధ్యతలూ మన ఈ హక్కులూ వాటికి 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. లోపాలూ ఉన్నాయి. జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది, నష్టపోయిన మనిషికి రాదు. దేశ భద్రత వంటి కారణాలతో తన సంస్థలను చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. పైగా ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చింది. ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారాన్ని వెల్లడించాలన్న మెలిక ఆ నిబంధనలో ఇప్పుడు లేదు. సామాన్యుడి గోప్యత కోసం అని చేసిన చట్టం అధికారుల లెక్కలకు తెరగా మారకూడదు.

ఏదైనా జరిగిపోతే

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. డబ్బు ఇంకా దొంగ ఖాతాలో ఉండగానే నిలిపివేయగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లోపు తెలిపితే, ఖాతాదారుకు నష్టం మోపకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. ఫిర్యాదులో రిజర్వు బ్యాంకు నియమాన్ని ప్రస్తావించండి. అదే రోజు బయోమెట్రిక్ తాళం వేసి, ధ్రువీకరణ చరిత్రను స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఏఈపీఎస్ మోసాల్లో ఆ నమోదే గట్టి ఆధారం.

వ్యక్తిగత చిత్రాలతో ఎవరైనా బెదిరిస్తుంటే డబ్బు పంపవద్దు, చాట్‌ను చెరపవద్దు. బెదిరించిన నంబరు, సందేశాలు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. మహిళలు, పిల్లలకు సంబంధించిన నేరాలకు అందులో ప్రత్యేక విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా తెలపవచ్చు. స్టాప్ ఎన్‌సీఐఐ అనే అంతర్జాతీయ సేవ కూడా ఉంది. చిత్రాన్ని మీ ఫోను దాటించకుండానే దాని డిజిటల్ గుర్తును మాత్రమే తీసుకుని, ఇందులో చేరిన సామాజిక మాధ్యమాల్లో ఆ చిత్రం పైకి రాకుండా అడ్డుకుంటుంది. ఇది పెద్దల చిత్రాలకే, బాధితులు 18 ఏళ్ల లోపువారైతే నేరుగా పిల్లల సహాయ నంబరు 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి.